గోదావరికి అవతల మా సామాను

నవంబరు 18, సోమవారం. జంగారెడ్డిగూడెం.

ఇల్లు మారడమంటే నా మనవరాలు వినీలకు ఫోన్లో ఒక పని. నాకు ఒళ్ళంతా పని. డిసెంబరు మొదటికల్లా రాజమండ్రిలో ఉండాలి. దానవాయిపేటలో ముందు షట్టరు, వెనక రెండు గదులు ఉన్న ఇల్లు దొరికింది. ముందు గదిలో మనవరాలి కేకుల కొట్టు, వెనక గదుల్లో మనవరాలూ నేనూ. ఇన్నాళ్ళూ ఈ అద్దె ఇంటి వంటింట్లోనే ఓవెన్ పెట్టుకుని ఆర్డర్లు చేసింది. ఈ పామాయిల్ తోటల మధ్య ఏడాదికి ఎన్ని పుట్టినరోజులు వస్తాయి? రాజమండ్రి అయితే డిసెంబరు నెలంతా సెమీ క్రిస్మసులే. ఆఫీసుకొకటి, బడికొకటి, కాలేజీకొకటి. ప్రతిదానికీ కేకు కొయ్యాలి. అప్పుడే ఒక కాలేజీ వాళ్ళు ఆరో తారీఖుకి పెద్ద ఆర్డరు చెప్పారు. అది సరిగ్గా వెళ్తే కొట్టు నిలబడుతుంది, లేకపోతే ఓవెన్ మీద తీసుకున్న బ్యాంకు లోను నిలబడుతుంది అంటోంది వినీల.

లారీ సంగతి నేను చూస్తానన్నాను. పదవీ విరమణ దాకా తెలుగు పాఠం చెప్పినదాన్ని. మనిషి నోరు విప్పితే చాలు, ఎలాంటివాడో నాకు తెలిసిపోతుంది.

నవంబరు 20, బుధవారం.

ఇద్దరు వచ్చి సామాన్లు చూసి వెళ్ళారు.

మొదటివాడు పెదబాబు. ఇక్కడి లారీ స్టాండు మనిషి, పొగాకు బేళ్ళు తోలతాడు. చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేశాడు. "ఏం మామ్మా, ఇదంతా పట్టికెళ్ళాలా? సగం ఇక్కడే అమ్మేయకూడదూ" అన్నాడు. నేను వాడికి మామ్మను ఎప్పుడయ్యానో నాకు తెలియదు. ఓవెన్‌ని కాలితో తట్టి చూశాడు. రేటు ఎక్కువ చెప్పాడు. అది చాలక, అంతా కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెడదామన్నాడు. నన్ను చూస్తే ఎగ్గొట్టేదానిలా కనిపించానేమో. పంపేశాను.

రెండో ఆయన శ్యాంబాబు గారు. వినీల ఫోన్లో వెతికితే దొరికిన కంపెనీ. ఓ పెద్ద కంపెనీ పేరులాగే ఉంది, మధ్యలో ఒక్క అక్షరం తేడా.

"ఇది ఆ కంపెనీయేనా అమ్మమ్మా?" అంది వినీల.

అచ్చుతప్పులు సహజం అన్నాను.

ఆయన గుమ్మం బయటే చెప్పులు విడిచారు. గోడ మీద బైబిలు వాక్యాలున్న వాగ్దాన క్యాలెండరు చూసి "వందనాలమ్మగారూ" అన్నారు. ఏ సంఘం అని అడిగాను. "నరసాపురం వైపండి. మా తాతగారు లూథరన్ బడిలో పంతులుగారండి" అన్నారు. రేటు పెదబాబు చెప్పినదాంట్లో సగం. కాగితం మాట వినీలే ఎత్తింది. ఆయన నొచ్చుకున్నారు.

"మీ దగ్గర రాయించుకుంటామాండీ? పెద్దవారు, మీ మాట చాలదాండీ?"

వినీల నా వైపు చూసింది. నేను కాఫీ పెట్టమన్నాను. అంత మర్యాదస్తుణ్ణి కూర్చోబెట్టి, ఇదిగో ఇక్కడ సంతకం పెట్టు అనడం ఏం పద్ధతి? అడ్వాన్సు ఫోన్లో వేయించేశాను.

నవంబరు 25, సోమవారం.

సామాన్లు ఎక్కించారు. శ్యాంబాబు గారు రాలేదు, మనుషుల్ని పంపారు. ఓవెన్‌ని నలుగురు పట్టారు. వినీల దానికి నా మంచి దుప్పట్లు చుట్టింది. డ్రైవరు బుద్ధిమంతుడు. ఊరు పోలవరం అవతల. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది తొమ్మిదో తరగతి, లెక్కల్లో వెనకబడిందట. గోంగూర పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు.

మేము బస్సులో వచ్చేశాం. సాయంత్రానికి లారీ వస్తుంది.

నవంబరు 26, మంగళవారం. రాజమండ్రి.

రాలేదు. డ్రైవరు ఫోను పలకడం లేదు.

"లారీ నంబరు రాసుకున్నావా అమ్మమ్మా?" అంది వినీల.

లేదు. డ్రైవరు పిల్లల పేర్లు మాత్రం చెప్పగలను.

నవంబరు 27, బుధవారం.

శ్యాంబాబు గారు దొరికారు. అంటే ఫోన్లో.

"వందనాలమ్మగారూ. కంగారు పడకండి. బండి కొవ్వూరులో క్షేమంగా ఉందండి. పాత బ్రిడ్జి మీద లారీల్ని వదలరు కదండీ, చుట్టూ తిప్పుకుని కొత్త బ్రిడ్జి మీదుగా రావాలండి. దానికి కొంచెం ఎక్స్‌ట్రా అవుద్దండి."

కొంచెం అంటే ఎంత అన్నాను. మాట్లాడుకున్నదానికి రెట్టింపు. పాత బ్రిడ్జి సంగతి ఈ చుట్టుపక్కల పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు, రేటు చెప్పేటప్పుడు మీకు తెలియదా అన్నాను.

"తెలుసండి. మీరు అడగలేదు కదండీ."

ఇంత వినయంగా నన్ను ఎవరూ ఇంతవరకూ తిట్టలేదు.

సాయంత్రం పుష్కరాల రేవు దాకా నడిచాను. అవతల కొవ్వూరు మసకగా కనిపిస్తోంది. నా మంచం అక్కడెక్కడో ఉంది.

నవంబరు 28, గురువారం.

నేల మీద పడుకుంటున్నాం. వినీల ఏమీ అనడం లేదు. అనొచ్చు.

నవంబరు 29, శుక్రవారం.

శ్యాంబాబు ఫోను. ఇవాళ్టి నుంచి సామాను పెట్టిన గోడౌను అద్దె కూడా మన లెక్కలోనే అట. డబ్బు మొత్తం ముందు పడితేనే బండి కదులుతుందట. పడకపోతే ఏం చేస్తావన్నాను. అయ్యో, మేమేం చేస్తామండి అన్నాడు.

"మీ సామాను మా ఇంట్లో ఉన్నట్టేనండి అమ్మగారూ."

అదే నా బాధ అన్నాను.

అన్నిటికంటే ఒళ్ళు మండేదేమిటంటే నేను కూడా ఇంకా "శ్యాంబాబు గారూ" అనే మాట్లాడుతున్నాను. వాడు అండి అనగానే నా నోటికి గారు వచ్చేస్తుంది. మన జిల్లాల్లో పెంపకమే అంత. దొంగ గోడ దూకి వచ్చినా ముందు కూర్చోండి అంటాం. ఆ తర్వాత మజ్జిగ ఇస్తాం.

కంపెనీని ఎవరు కుదిర్చారన్నది ఇప్పుడు అప్రస్తుతం.

నవంబరు 30, శనివారం.

పోలీసు స్టేషన్‌కి వెళ్ళాం. కానిస్టేబులు శ్రద్ధగానే విన్నాడు. సామాను ఎక్కించింది జంగారెడ్డిగూడెంలో, ఆగింది కొవ్వూరులో, మీరున్నది రాజమండ్రిలో, కాబట్టి ముందు ఎవరి పరిధో తేలాలి అన్నాడు. మాట్లాడుకున్నది రాసుకున్న కాగితం ఉందా అన్నాడు. బిల్లు, లారీ నంబరు, కంపెనీ అడ్రసు? వినీల కిందికి చూసింది. నేను గోడ మీద గడియారం చూశాను. వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా వినీల ఫిర్యాదు పెట్టింది. ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు మీద కేకు కాల్చడం కుదరదు.

ఇంటికి వచ్చాక, ఫోన్లో ఆ కంపెనీ కింద జనం రాసిన అభిప్రాయాలు చదివి వినిపించమన్నాను. పొగడ్తలన్నీ ఒకే వారంలో రాసినవి. అందరూ "సర్వీసు చాలా బావుంధి" అని రాశారు. అందరూ ద కి వత్తు పెట్టారు. ఇరవై పేర్లు, ఒకటే చెయ్యి. నా తరగతిలో అయితే పక్కవాడి పేపరు చూసి రాసిన వెధవల్ని క్షణంలో పట్టేసేదాన్ని. అడుగున, తిట్లున్న చోట, భాష శుభ్రంగా ఉంది. కష్టపడి రాశారు పాపం.

వినీల ఇవి ముందే చదివి వినిపించాల్సింది. నేను అడగలేదంటుంది.

పెదబాబుకి ఫోను చేశాను, కొవ్వూరు వెళ్ళి తేగలడా అని. "వాళ్ళకేనా ఇచ్చారు మామ్మా" అని నవ్వాడు. పక్కనున్నవాళ్ళకు కూడా చెప్పి నవ్వించాడు. తర్వాత అప్పటి రేటుకి ఇంకో సగం కలిపి చెప్పాడు. పెట్టేశాను.

డిసెంబరు 1, ఆదివారం.

కొత్త సంఘం, మొదటి ఆరాధన. పాస్టరు గారు శత్రువుల్ని క్షమించడం గురించి చెప్పారు. మంచి ప్రసంగం. నాకు మాత్రం కొంచెం గడువు కావాలని మనవి చేసుకున్నాను.

మధ్యాహ్నం వినీల కాలేజీ వాళ్ళతో మాట్లాడటం వినపడింది. బుధవారం సాయంత్రానికి ఓవెన్ రాకపోతే ఆర్డరు వేరేవాళ్ళకి ఇచ్చుకోమంది. ఫోను పెట్టేసి షట్టరు గదిలోకి వెళ్ళి, శుభ్రంగా ఉన్న నేలని మళ్ళీ తుడిచింది. దాని పెళ్ళి సంబంధం తప్పిపోయినప్పుడు కూడా ఇలాగే తుడిచింది, కానీ అప్పుడు పాడుకుంటూ తుడిచింది.

డిసెంబరు 2, సోమవారం.

ఇవాళ రాసుకోవలసింది ఉంది.

పైభాగంలో ఉండే ఇంటి ఓనరు రత్నమాణిక్యం గారు దిగి వచ్చారు. పెనుగొండ ఆవిడ. భర్త పోయాక రెండు ఇళ్ళ అద్దెలు, నలుగురు మరుదులతో వ్యవహారం ఒంటి చేత్తో నడుపుతున్నారు. వారమైనా మీ సామాన్లు రాలేదేంటండి, ఇల్లు నచ్చలేదా అని అడిగారు. చెప్పాను. మొత్తం విని ఒకే ప్రశ్న వేశారు.

"వాడు మీకు ఏమని దణ్ణం పెట్టాడు టీచరుగారూ?"

"వందనాలని."

"ఊఁ. నంబరు చెప్పండి."

తన ఫోన్లోంచి చేసి, స్పీకరు పెట్టి, మమ్మల్ని మాట్లాడొద్దని వేలు చూపించారు.

"నమస్కారమండి, ఎవరండి?"

"పెనుగొండ నుంచి బాబూ. ఇల్లు మారుతున్నాం, రాజమండ్రికి."

"జై వాసవీ అమ్మగారూ. పెనుగొండాండీ? ఎంత మాట. మా తాతగారు అక్కడ అమ్మవారి గుడి ముందు కొబ్బరికాయల కొట్టు పెట్టుకునేవారండి."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఒకే తాత. పొద్దున బడి, సాయంత్రం కొబ్బరికాయలు.

రేటు మాకు చెప్పినదాని కంటే తక్కువ చెప్పాడు. కాగితం ఎందుకండీ అన్నాడు. "మీ దగ్గర రాయించుకుంటామాండీ" అన్నాడు. అదే మాట, అదే నొచ్చుకోవడం, ఊపిరి తీసుకునే చోటు కూడా అదే. నా కోసం పుట్టిన మర్యాద అనుకున్నానే అది. ఇంటింటికీ పంచే కరపత్రం.

రత్నమాణిక్యం గారు తొణకలేదు. "కొత్తింట్లో రంగులు అవుతున్నాయి బాబూ. సామాను నాలుగు రోజులు నీ దగ్గరే ఉంచాలి. మరి చోటు చూపిస్తావా? నేను చూడకుండా వంకాయ కూడా కొనను."

"చూడండమ్మా, రాజాలా చూడండి. కొవ్వూరులో రైలు గేటు దాటాక గణేష్‌బాబు గారి ధాన్యం గోడౌనండి. ఎవర్నడిగినా చెప్తారండి."

ఫోను పెట్టేసి ఆవిడ నా వైపు చూశారు. "చీర మార్చుకోనా, ఇలాగే వచ్చేయనా?"

రేపు పొద్దున్నే వెళ్దామన్నాను. చోటు చూడ్డానికి పొద్దున్నే వస్తున్నానని ఆవిడ వాడికి కబురు పెట్టారు.

డిసెంబరు 3, మంగళవారం.

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఆకాశం నిండా మబ్బు. గోడౌను దారిలో ధాన్యం బస్తాల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. కోతల రోజులు, వాన పడేలోపు లోపలికి చేర్చాలని అందరికీ తొందర.

శ్యాంబాబు గేటు దగ్గరే ఉన్నాడు. రత్నమాణిక్యం గారిని చూసి చేతులు జోడించాడు. "జై వాసవీ అమ్మ..." అన్నాడు. వెనక నేను దిగాను. "వంద..." అన్నాడు. రెండూ పూర్తి కాలేదు.

వినీల ఆగలేదు, వాణ్ణి దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళాను. ఒక పక్క బస్తాలు. రెండో పక్క ఇళ్ళు. ఇళ్ళనే రాస్తున్నాను. మంచాలు, బీరువాలు, కుట్టు మిషను, ఫ్రిజ్జులు, గోడ గడియారం కట్టిన మూట, చిన్నపిల్లల ఉయ్యాల. ఆరేడు కుటుంబాల బతుకు గోడకు చేర్చి నిలబెట్టారు. అట్టపెట్టెల మీద ఎవరికి వాళ్ళు పేరూ ఫోను నంబరూ రాసుకున్నారు, పోకుండా ఉంటాయని. ఆ మూల నా దుప్పట్లు కనిపించాయి. వినీల వెళ్ళి ఓవెన్ మీద చెయ్యి వేసి నిలబడింది, జ్వరం చూస్తున్నట్టు.

"బ్యాలన్సు వేసేస్తే ఇప్పుడే పంపించేస్తానండి అమ్మగారూ" అన్నాడు శ్యాంబాబు వెనక నుంచి.

"ఏ బ్యాలన్సు?"

"అదే అండి, ఎక్స్‌ట్రాలతో కలిపి."

నా చెక్క కుర్చీ పైనే ఉంది. వినీలని అది తీయమన్నాను. మోసుకొచ్చి గేటు మధ్యలో వేయించుకుని కూర్చున్నాను. రత్నమాణిక్యం గారికి ఎవరిదో ప్లాస్టిక్ స్టూలు దొరికింది.

"అలా కూర్చోకండమ్మగారూ, బాగోదండి. పెద్దవారు."

"ఒరే శ్యాంబాబూ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి రావడానికి వారం పట్టింది. వచ్చాక మిగతావి వాటంతటవే వచ్చాయి. "నీకు తాతలెంతమందిరా? మా ఇంట్లో కాఫీ తాగి, మా దేవుడి పేరు చెప్పి, మా పిల్ల పొట్ట మీద కొడతావా? ఆ అండి తీసేసి మాట్లాడు. దొంగవి, దొంగలా మాట్లాడు, వింటాను."

వాడు నిజంగానే అండి తీసేశాడు. "ఏం చేసుకుంటావో చేసుకో ముసలమ్మా" అన్నాడు. చెబితే ఎవరూ నమ్మరు గానీ, నాకు హాయిగా అనిపించింది. వారం నుంచి మాట్లాడుతున్నది ఎవరితోనో అప్పుడు కనిపించాడు.

ఇంతలో మొదటి లారీ హారన్ కొట్టింది. నేను కదల్లేదు. రెండోది కొట్టింది. రత్నమాణిక్యం గారు సంచీలోంచి వక్కపలుకులు తీసి నాకు పెట్టారు. డ్రైవర్లు దిగొచ్చారు, హమాలీలు మూగారు. నాలుగు చినుకులు పడ్డాయి. అప్పుడు బుల్లెట్టు మీద గోడౌను ఓనరు గణేష్‌బాబు వచ్చాడు. నన్ను చూడలేదు, ముందు ఆకాశం చూశాడు.

"ఎవరండి ఈవిడ? నా గేటులో ఏంటి?"

"నా ఓవెన్ బయటికి వస్తే నేనూ బయటికి వెళ్తానండి" అన్నాను. ఇతనితో నాకు గొడవ లేదు, అందుకని అండి వాడాను.

"ఆవిడ డబ్బులివ్వాలండి..." అని శ్యాంబాబు మొదలుపెట్టాడు.

"నా ధాన్యం తడిస్తే నువ్విస్తావేంట్రా? ఎక్కించు. ముందు వీళ్ళది ఎక్కించు."

అతనికి న్యాయం మీద ప్రేమ ఏమీ లేదు. బస్తాల మీద ఉంది. నాకు అది చాలు. గోడౌను వాళ్ళ చిన్న వ్యానులో హమాలీలే ఎక్కించారు. మాట్లాడుకున్న బాకీ, అదీ ఇంట్లో దింపాక, వ్యాను అబ్బాయి చేతికి ఇస్తానన్నాను. ఈసారి ఆ సంగతి కాగితం మీద రాయించి, శ్యాంబాబు చేత సంతకం పెట్టించాను. బాకీని "భాకీ" అని రాశాడు. దిద్దాను.

వ్యాను ఎక్కబోతుంటే గణేష్‌బాబు దగ్గరికి వచ్చాడు. "మీ పని అయిపోయింది కదండీ. మిగతావాళ్ళ గొడవ మీకెందుకు. ఎవరికీ చెప్పకండి, నా గోడౌను పేరు పాడవుద్ది."

తల ఊపాను. తల ఊపడం మాట ఇవ్వడం కాదు. వినీల అప్పటికే అట్టపెట్టెలన్నిటినీ ఫోటోలు తీసేసింది.

డిసెంబరు 4, బుధవారం.

ఓవెన్ తలుపు ఒక పక్క వంగింది. వినీల తాడు కట్టి మూస్తోంది. వేడి మాత్రం ఎక్కుతోంది. ఇత్తడి కాగు, మిక్సీ రాలేదు. కాగు మా అత్తగారిది, అయినా దాని గురించి రేపు కోపం తెచ్చుకుంటాను. ఇవాళ తీరిక లేదు. కాలేజీ వాళ్ళకి వినీల ఫోను చేసి కేకులు వస్తున్నాయని చెప్పింది.

పిండి జల్లిస్తుంటే వినీల ఉన్నట్టుండి అంది.

"పెదబాబు రాసిస్తానన్నాడు అమ్మమ్మా."

"చెప్పులతో వంటింట్లోకి వచ్చాడు."

నవ్వింది. జల్లెడ పక్కన పెట్టి మరీ నవ్వింది. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుంది, ముఖమంతా మైదా.

నేను కుదిర్చిన కంపెనీయే. రాశాను, ఇక దీని గురించి రాయను.

డిసెంబరు 6, శుక్రవారం.

కేకులు వెళ్ళాయి. తాడు కట్టిన తలుపు పక్కన పెట్టినది ఒకటి కాస్త వాలింది. వాలిన వైపు క్రీముతో నక్షత్రం వేసింది. వచ్చే శుక్రవారానికి ఇంకో ఆర్డరు చెప్పి పంపారు. రత్నమాణిక్యం గారు గుడ్డు వేయని కేకు ఒకటి అడిగి, డబ్బులిచ్చి మరీ తీసుకెళ్ళారు. ఈ నెల అద్దె కూడా గుర్తు చేశారు.

డిసెంబరు 7, శనివారం.

వినీల ఫోటోలు పెద్దవి చేసి పెడితే, పెట్టెల మీది నంబర్లకు ఒక్కొక్కటే ఫోను చేశాను.

మొదటివాళ్ళు ఎత్తలేదు. రెండో ఆయన, డబ్బు మొత్తం కట్టేశాం, రేపు పంపుతారు, మీరు కలగజేసుకుని చెడగొట్టకండి అన్నాడు. ఏ రేపు అని అడిగితే పెట్టేశాడు. మూడోది దుర్గాశ్రీ అనే అమ్మాయి. ఉయ్యాల వాళ్ళది. భీమవరం నుంచి కాకినాడ మారారు.

"దుర్గాశ్రీ గారాండీ? మీ సామాన్ల గురించి మాట్లాడాలి" అన్నాను.

వెనక చంటిపిల్ల ఏడుపు వినపడింది. తర్వాత చాలా నెమ్మదిగా, "మళ్ళీ ఎంత పంపాలండి?" అంది.

ఆ గొంతులో కోపం లేదు. లేకుండా చేశారు. కట్టి కట్టి, ఇంకెంత అని అడగడం ఒక్కటే మిగిలింది.

డబ్బు కోసం కాదమ్మా అని మొదటి నుంచి అంతా చెప్పాను. గోడౌను ఎక్కడో చెప్పాను. మీరే వెళ్ళి గేటులో కూర్చోండి, ధాన్యం లారీలు వచ్చే వేళకి అన్నాను.

"మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోతారండి. చంటిపిల్లతో నేనొక్కదాన్నే. నాకు గొడవ పడటం రాదండి. గట్టిగా మాట్లాడబోతే ఏడుపొచ్చేస్తుంది."

సోమవారం పొద్దున్న కొవ్వూరు రైల్వే స్టేషన్లో కలుసుకుంటున్నాం. పైన రత్నమాణిక్యం గారికి చెప్పాను. ఎన్నింటికి అని మాత్రం అడిగారు.

ఆ అమ్మాయి ఏడిస్తే ఏడవనీ. మాట్లాడేది నేను.